ఆయీ నేర్పిన ఇరవై నాలుగు

చైనీసులో తాయ్‌చీ చెయ్యరు, కొడతారు. వాడే క్రియ "తా". నిఘంటువులో దానికి మొదటి అర్థం కొట్టడమే. ఫోను కొడతారు, టాక్సీ కొడతారు, గొడుగు కొడతారు, స్వెటరు కొడతారు, నీళ్ళు కొడతారు. మా క్లాసులో ఒక జర్మన్ అమ్మాయి ఇవన్నీ కాగితం మీద రాసుకుని బట్టీ పట్టేది. నాకు ఆ కాగితం అవసరం పడలేదు. ఫోన్ కొట్టు, ఈత కొట్టు, చప్పట్లు కొట్టు, డబ్బా కొట్టు అని వింటూ పెరిగినదాన్ని. బోరింగు కొట్టి బిందె నింపినదాన్ని. గొడుగు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాను.

హైదరాబాదులో నేను పనిచేసే కంపెనీ 2017 సెప్టెంబరులో రెండేళ్ళ కోసమని షాంఘై పంపింది. ఆఫీసులో పనంతా ఇంగ్లీషులోనే. చైనీసు రాకపోయినా బతికెయ్యొచ్చు. అక్కడున్న మనవాళ్ళు చాలామంది అలాగే బతికేస్తున్నారు, అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. నాకు మాత్రం కూరగాయల మార్కెట్లో ప్రతిదానికీ వేలు చూపించడం నచ్చలేదు. వారానికి రెండు సాయంత్రాలు క్లాసుకి వెళ్ళేదాన్ని.

తెలుగువాళ్ళకి చైనీసు ఉచ్చారణలో ఒక సుఖం ఉంది, ఎవరూ చెప్పరు. వాళ్ళ రోమన్ లిపిని 1958లో ఖరారు చేశారు. అందులో "బి" అని రాసి ఉంటే అది మన "బ" కాదు, "ప". "పి" అంటే ఒత్తు ప, చిన్నప్పుడు బళ్ళో చెంపమీద కొట్టి మరీ పలికించిన "ఫ". అలాగే "డి" అంటే దాదాపుగా త, "టి" అంటే థ, "జి" అంటే క, "కె" అంటే ఖ. ఇంగ్లీషు చెవికి ఈ తేడా పట్టదు. వాళ్ళు బీజింగ్ అన్నారు కాబట్టి మనమూ బీజింగ్ అంటున్నాం గానీ, ఆ ఊరివాళ్ళ నోట్లో అది "పెయ్‌చింగ్". మన సినిమా పోస్టర్ల మీద "కుంగ్‌ఫూ" అని రాసిన పెయింటర్లు మాత్రం తెలియకుండానే సరిగ్గా రాశారు.

ఇంకో సుఖం శ, ష, స. మూడూ ఉన్నాయి ఆ భాషలో, మూడూ వేరు వేరు. అయితే మన దగ్గర "వర్షం" "వర్సం" అయినట్టే షాంఘై వైపు పెద్దవాళ్ళ నోట్లో "ష" చాలాసార్లు "స" అయిపోతుంది. నాలుగుకి "సి", పదికి "షి". మార్కెట్లో రెండూ "సి"యే. గొంతు కిందికి పడితే నాలుగు, పైకి లేస్తే పది. టీవీలో వార్తలు చదివేవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. నల్లగొండ జిల్లాలో పుట్టి, పుస్తకాల తెలుగుతో మార్కులు తెచ్చుకుని, ఇంటికొచ్చి వేరే తెలుగు మాట్లాడినదాన్ని కనక నాకు ఈ వ్యవహారం కొత్తగా అనిపించలేదు.

నేనుండే గదికి నడిచి వెళ్ళేంత దూరంలో ఫూషింగ్ పార్కు. 1909లో ఫ్రెంచివాళ్ళు తెరిచిన పార్కు అది. ఇప్పటికీ చెట్లు వరసల్లో నిలబడి ఉంటాయి. ఒక మూల మార్క్స్, ఏంగెల్స్‌ల పెద్ద రాతివిగ్రహం. వాళ్ళిద్దరి ముందూ పొద్దున ఆరింటి నుంచి డాన్సులు. ముసలి జంటలు వాల్ట్జ్ వేస్తుంటారు, పక్కన ఎవరో శాక్సఫోను సాధన చేస్తుంటాడు, ఇంకొకాయన చెట్టుకి వీపు ఆనించి దబ్‌దబ్‌మని బాదుకుంటుంటాడు. ఎవరి గోల వాళ్ళది. ఒక తాత చీపురుకట్టంత బ్రష్షుకి స్పాంజి కుచ్చు కట్టి, బకెట్లో ముంచి, నేలమీద బండల మీద నీళ్ళతో అక్షరాలు రాసేవాడు. వరస చివరికొచ్చేసరికి మొదటి అక్షరం ఎండిపోతూ ఉండేది. పుస్తకంలో అచ్చైన అక్షరం చూస్తే ఏ గీత ముందో ఏది వెనకో తెలియదు. ఆయన రాస్తుంటే తెలిసేది. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, పెట్టెలాంటి అక్షరమైతే లోపలంతా నింపాకే అడుగు మూసెయ్యాలి. మనం తలకట్టు ఎప్పుడు పెట్టాలో ఎవరూ ఆలోచించనట్టే ఆయనా ఆలోచించేవాడు కాదు, భుజం దానంతటదే వెళ్ళేది.

ఆయన వెనకాలే, రెండు చెట్ల మధ్య, పదిమంది దాకా ఆడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు తాయ్‌చీ కొట్టేవాళ్ళు. ముందు నిలబడే ఆవిడని అందరూ "ఆయీ" అనే పిలిచేవాళ్ళు. పిన్ని అని అర్థం. చైనాలో కూడా మనలాగే తెలియని మనిషికి కూడా ఏదో ఒక వరస కలుపుతారు. కాస్త పెద్దదైతే ఆయీ, పెద్దాయనైతే బాబాయి. గురువు అనే మాటలోనే తండ్రి ఉన్నాడు. తోటి శిష్యులు అక్కలు, అన్నలు, చెల్లెళ్ళు. అయితే ఈ వరస వయసుని బట్టి కాదు, ఎవరు ముందు చేరారన్నదాన్ని బట్టి. అందుకని ఆ గుంపులో పాతికేళ్ళ పిల్ల నాకు అక్క అయింది. ముప్పై ఆరేళ్ళ నేను అందరికంటే చిన్న చెల్లెల్ని. ఆ వయసులో మళ్ళీ చిన్న చెల్లెలు కావడం ఎంత బావుంటుందో!

ఆయీకి అప్పుడు అరవై ఎనిమిది. పొట్టి జుట్టు, గుడ్డ బూట్లు, గట్టి గొంతు. డబ్బు తీసుకునేది కాదు. చైనీసు కొత్త సంవత్సరానికి నారింజపళ్ళు ఇస్తే తీసుకునేది. స్నేహితురాళ్ళతో షాంఘై భాషలో మాట్లాడేది. అది నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నాతో మాత్రం టీవీ చైనీసు, తన "స"లతో. "ఇది నీకూ అరువుదే, నాకూ అరువుదే. తొందరపడకు" అందొకసారి.

ఆవిడ నేర్పింది ఇరవై నాలుగు భంగిమల తాయ్‌చీ. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం తయారు చేయించినది. అంతకు ముందు యాంగ్ శైలిలో ఉన్న పొడుగు వరసలో భంగిమలు లెక్కపెట్టే పద్ధతిని బట్టి ఎనభై అయిదో, నూట ఎనిమిదో. పనికి పోయే మనిషికి అంత తీరిక ఉండదని, మళ్ళీ మళ్ళీ వచ్చేవాటిని తీసేసి అయిదారు నిమిషాలకు కుదించారు. అదే ఏడాది చైనా అక్షరాలను సులభం చేసే పట్టిక కూడా వచ్చింది. ఇరవై గీతల అక్షరం పది గీతలైంది, అరగంట తాయ్‌చీ ఆరు నిమిషాలైంది. ఒకే ఏడాది ఒకే ప్రభుత్వం జనం చేతినీ కాలినీ కూడా తిరగరాసిందన్నమాట. (1956 అంటే మా తెలంగాణ వాళ్ళకు వేరేది గుర్తొస్తుంది, అది ఇక్కడ వద్దు.)

పాతకాలం అభిమానులు రెండింటినీ ఈసడిస్తారు. అసలు అందం పోయిందంటారు. నాకు ఆ విసుగు కొంత అర్థమవుతుంది గానీ, ఆ కుదింపు లేకపోతే మిల్లులో పనిచేసే మనిషికి తాయ్‌చీ వచ్చేది కాదు, ఆమె నుంచి నాకు వచ్చేది కాదు. అయినా ఒక చోట మాత్రం పాతదే నాకు పాఠం చెప్పింది. ఆయీ రోజుకు వందసార్లు అనే మాట "సుంగ్". వదులు చెయ్యి అని. భుజం సుంగ్, నడుం సుంగ్, మోకాలు సుంగ్. వదులు చెయ్యమన్నారని కూలబడితే, అది సుంగ్ కాదనేది. గట్టిగా నిలబడితే అదీ కాదనేది. నిఘంటువు తీస్తే ఆ అక్షరానికి దేవదారు లాంటి సూదాకుల చెట్టు అనే అర్థం కూడా ఉంది. చెట్టుకీ వదులుకీ ఏమిటి సంబంధం? నీళ్ళతో రాసే తాతని అడిగాను. ఆయన పాత అక్షరం రాసి చూపించాడు. కింద చెట్టు, పైన జుట్టు. 1956 తరవాత జుట్టు తీసేశారు, చెట్టు మిగిలింది. చెట్టు అక్కడ ఉన్నది శబ్దం కోసం, అర్థమంతా జుట్టులో ఉంది. అప్పుడు తెలిసింది. సుంగ్ అంటే జడ విప్పిన జుట్టు. కూలిపోదు, బిగుసుకోదు, తలనే పట్టుకుని ఉంటుంది, కిందికి వేలాడుతుంది. అమ్మ రాత్రిపూట నా జడ విప్పి వేళ్ళతో దులిపినప్పుడు తలలో ఉండే తేలిక. ఆ రోజు నుంచి భుజాల సంగతి వేరు.

ఇంకో మాట "ప్యెన్". చైనీసులో అంకె పక్కన ఊరికే వస్తువు పేరు పెట్టకూడదు, మధ్యలో ఒక కొలతమాట ఉండాలి. మనం మనుషుల్ని "ఇద్దరు" అనీ పుస్తకాల్ని "రెండు" అనీ లెక్కపెడతాం కదా, అలాంటి తేడాలు వాళ్ళకు చేపకొకటి, బల్లకొకటి, చొక్కాకొకటి. పనులకు కూడా ఉంటాయి. ఏదైనా ఒకసారి చేస్తే ఒక మాట. మొదటి నుంచి చివరిదాకా విడవకుండా ఒకసారి చేస్తే "ప్యెన్". సినిమా ఒక ప్యెన్ చూశానంటే పేర్లు పడేదాకా కూర్చున్నానని అర్థం. వేదం చెప్పుకునేవాళ్ళ "ఆవృత్తి" దీనికి కొంచెం దగ్గర. ఆయీ ఎప్పుడూ "ఇంకోసారి" అనేది కాదు. "ఇంకో ప్యెన్" అనేది. ఏడో భంగిమ దగ్గర కాలు తడబడితే అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టడానికి వీల్లేదు. పదకొండో, పద్నాలుగో, ఎట్లా వస్తే అట్లా చివరిదాకా పోవాలి. చివరి భంగిమలో చేతులు దించి, కాళ్ళు దగ్గరికి చేర్చి నిలబడ్డాకే మాట్లాడాలి.

భంగిమల పేర్లే నాకు రెండో పాఠ్యపుస్తకం. అడవిగుర్రం జూలు పాయలు తీయడం, తెల్లకొంగ రెక్కలు విప్పడం, వీణలాంటి ఫీఫా వాయిద్యాన్ని చేత్తో మీటడం, మబ్బుచేతులు, సముద్రం అడుగున సూది. పరీక్షల కోసం చదివిన మాటల్లో ఇవి ఉండవు. అప్పటి లెక్కలో మూడో స్థాయి పరీక్షకి ఆరు వందల మాటలు. అందులో విమానాశ్రయం, ఫ్రిజ్, సమావేశం ఉంటాయి, జూలు ఉండదు. నాకు జూలు ముందు వచ్చింది, ఫ్రిజ్ తరవాత.

పేర్లు కవిత్వంలా ఉన్నాయి గానీ లోపల ఉన్నది కొట్లాటే. "తాయ్‌చీ ఛ్వెన్" అన్న పూర్తి పేరులో చివరి ముక్కకి పిడికిలి అని అర్థం. కొంగ రెక్క విప్పేటప్పుడు ఎదుటివాడి చెయ్యి పైకి పోతుంది, మన కాలిమునివేళ్ళు వాడి మోకాటికి సిద్ధంగా ఉంటాయి. ఇవన్నీ ఆయీ నవ్వుతూ నా మీదే చేసి చూపించేది. ప్రాణశక్తి, నాడులు, చక్రాలు లాంటి మాటలు ఆవిడ నోట నేను వినలేదు. గాలికీ శక్తికీ వాడే "ఛీ" అనే మాట ఆవిడ వాడింది ఒక్కచోటే. ఆ భాషలో కోపం వస్తే "ఛీ పుట్టింది" అంటారు. "ఛీ పుట్టించుకోకు, మోకాలు చూసుకో" అనేది.

పద్దెనిమిదో భంగిమ పేరు "ఛ్వాన్ స్వో". నాడె వెయ్యడం. ఒక చెయ్యి నుదుటి పైకి, రెండోది ముందుకి, ఒకసారి కుడివైపు మూలకి, ఒకసారి ఎడమవైపు మూలకి. "స్వో" అంటే ఏమిటో తెలియక ఫోనులో బొమ్మ చూశాను. రెండు కొసలూ మొనదేలిన చెక్కముక్క. మా ఇంట్లో అటక మీద ఇప్పటికీ నాలుగున్నాయి. మా నాన్న చౌటుప్పల్ దగ్గర 1999 దాకా మగ్గం నేశాడు. ఆ మాట చెప్పడానికి అప్పటికి నాకున్న చైనీసు చాలలేదు. "నాన్న, చెయ్యి, బట్ట" అని మూడు మాటలు అని, చేత్తో తాడు గుంజి చూపించాను. ఆయీ నన్ను అట్లాగే చూసింది. తరవాత తను కూడా మూడు మాటలే వాడి చెప్పింది. నూలుమిల్లు, నేతవిభాగం, పంతొమ్మిదో ఏట నుంచి.

షాంఘైలో ఆవిడ వయసు ఆడవాళ్ళలో మిల్లుల్లో పనిచేసినవాళ్ళు ఎక్కడ చూసినా ఉంటారు. ఒకప్పుడు ఆ ఊరు బతికిందే బట్ట మీద. 1990లలో ప్రభుత్వ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పాత కదుళ్ళను సుత్తులతో పగలగొట్టే కార్యక్రమం 1998లో షాంఘైలోనే మొదలైంది. దేశం మొత్తం మీద కోటి కదుళ్ళు తీసేయాలన్నది అప్పటి లక్ష్యం. పనిపోయిన వాళ్ళను "శ్యా కాంగ్" అనేవాళ్ళు. కాపలా చోటు నుంచి కిందికి దిగినవాళ్ళని. ఆయీ 1996లో దిగింది. ఇంట్లో కూర్చోలేక పార్కుకు వచ్చిందట. మగ్గాల హోరులో అరిచి అరిచి ఆ గొంతు అట్లా అయింది. మగ్గాల వరసల మధ్య రోజంతా నడిచిన కాళ్ళు కనక తాయ్‌చీలో అడుగు వెయ్యడం తనకి ఎవరూ నేర్పాల్సిన పని పడలేదని గొప్పగా చెప్పేది.

ఇక్కడ ఒక పిట్టకథ. ఇండియా నుంచి ఎవరు ఫోన్ చేసినా ఒకటే మాట. "అదంతా మన బోధిధర్ముడు తీసుకుపోయి నేర్పిందే కదా." 2011లో సూర్య సినిమా సెవెన్త్ సెన్స్ చూసిన ప్రతివాడికీ ఇది చరిత్ర. ఆరో శతాబ్దం మధ్యలో రాసిన లువోయాంగ్ మఠాల పుస్తకం బోధిధర్ముణ్ణి పర్షియా వాడంటుంది. ఇంకో పాత ఆధారం దక్షిణ భారతం వాడంటుంది. రెండింటిలోనూ కాళ్ళూ చేతులూ ఆడించడం గురించి ఒక్క ముక్క లేదు. ఆయన పేరుకు వ్యాయామాన్ని ముడిపెట్టిన పుస్తకం పదిహేడో శతాబ్దానిది. చైనావాళ్ళేమీ తక్కువ తినలేదు, తాయ్‌చీని వుతాంగ్ కొండల మీది ఒక తావో సాధువు కలలో నేర్చుకున్నాడంటారు. 1930లలో థాంగ్ హావ్ అనే పరిశోధకుడు ఈ రెండు కథలనూ పక్కన పెట్టి, హెనాన్ రాష్ట్రంలో ఛెన్ ఇంటిపేరు వాళ్ళ పల్లెకు పోయి, వంశవృక్షాలు తిరగేసి, మూలం ఆ పల్లెలో ఉందని తేల్చాడు. అక్కడ నేర్చుకున్న యాంగ్ లూఛాన్ (1799-1872) దాన్ని పెయ్‌చింగ్‌కు తెచ్చాడు, ఆయన మనవడు షాంఘైకి తెచ్చాడు. ఆయీకి బోధిధర్ముడి సంగతి చెబితే, "మీ దేశం నుంచి వచ్చిందయితే నువ్వెందుకు ఇంత దూరం వచ్చావు?" అంది.

రెండేళ్ళన్నది రెండేళ్ళ మూడు నెలలై, 2019 డిసెంబరులో ఇంటికొచ్చేశాను. ఏప్రిల్లో సెలవు పెట్టి వస్తానని ఆయీకి చెప్పాను. తరవాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఫిబ్రవరిలో నేను వీచాట్‌లో ఆవిడకి "మాస్కులున్నాయా?" అని మెసేజ్ పెట్టాను. ఏప్రిల్లో ఆవిడ నాకు అదే ప్రశ్న పంపింది. చైనీసులో టైపు చెయ్యడం ఆవిడకు విసుగు, అన్నీ వాయిస్ మెసేజులే. వెనకాల ప్రెషర్ కుక్కర్ చప్పుడు.

జూన్ 15 రాత్రి గల్వాన్. ఇరవైమంది మనవాళ్ళు పోయారు. కర్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. మా ఇంటి ముందు నుంచి పోయే హైవే మీదే, గంటన్నర దూరం. ఊళ్ళో ప్రతి దుకాణం ముందూ ఆయన ఫోటో. లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి నేను పొద్దున్నే డాబా మీద ఒక ప్యెన్ కొట్టేదాన్ని. పక్కింటివాళ్ళు కూడా చూసేవాళ్ళు, పిల్లలు కింద నుంచి వెక్కిరిస్తూ చేసేవాళ్ళు. ఆ వారం అమ్మ అంది, "కొన్ని దినాలు మీదికి పోకు బిడ్డా. చూసేటోళ్ళకు లోపల ఏమున్నదో ఏం తెలుస్తది?"

అమ్మ భయపడి అన్నది కాదు. సూర్యాపేటలో ఒక తల్లి కొడుకుని పోగొట్టుకుంది, ఈ వీధిలో నేను చైనా విద్య చెయ్యడం మర్యాద కాదని అన్నది. ఆ మాటకు ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను చేస్తున్నది చైనా ప్రభుత్వానిది కాదు, ఒక మిల్లు కార్మికురాలిది అని అనొచ్చు. కాని 1956లో దాన్ని కుదించింది ప్రభుత్వమే కదా. అంత తేలిగ్గా విడదీయలేం. ఆయీ గల్వాన్ గురించి ఏమీ అడగలేదు. నేనూ ఎత్తలేదు. ఆ పక్షం రోజుల్లో మేం పంపుకున్న మెసేజులన్నీ మోకాళ్ళ గురించి, వర్షాల గురించి. జూన్ 29న యాభై తొమ్మిది చైనా యాప్‌లను నిషేధిస్తూ ప్రకటన వచ్చింది. అందులో వీచాట్ ఉంది. కొద్ది రోజులకు ఫోనులో అది తెరుచుకోవడం మానేసింది. ఆవిడకు వేరే యాప్ లేదు, ఈమెయిలు లేదు.

జులై చివర కొత్త జాతీయ విద్యా విధానం వచ్చింది. బళ్ళో నేర్చుకోదగ్గ విదేశీ భాషలకు ఉదాహరణగా 2019 ముసాయిదాలో చైనీసు పేరుండేది, ఖరారైన ప్రతిలో లేదు. పక్కవాడితో గొడవ ఉన్నప్పుడే కదా వాడు ఏం మాట్లాడుకుంటున్నాడో అర్థం కావాల్సింది. ఇది నా అభిప్రాయం. సరిహద్దులో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి పోయి వినిపించే అభిప్రాయం కాదు.

డాబా మానేసి లోపలి గదిలోకి మారాను. నాన్న మగ్గం ఉన్న గది అది. గుంట పూడ్చి బండలు పరిచి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు బియ్యం బస్తాలు, పాత కూలరు. బస్తాలు ఒక పక్కకు జరిపితే సరిగ్గా మగ్గం పట్టేంత చోటు. ఇరవై నాలుగు భంగిమలకు అది చాలదు. మబ్బుచేతుల దగ్గర గోడ వస్తుంది. రెండడుగులు కుదించి, ఒక చోట వెనక్కి జరిగి, ఆ గదికి సరిపడా మార్చుకున్నాను.

చైనీసు మాత్రం కారిపోవడం మొదలుపెట్టింది. మాట్లాడే మనిషి లేకపోతే భాష ఎంత త్వరగా పోతుందో వేరే దేశాల్లో పిల్లల్ని పెంచుతున్నవాళ్ళకు బాగా తెలుసు. పరీక్ష కోసం చదివిన మాటలు ముందు పోయాయి. విమానాశ్రయం పోయింది. సమావేశం పోయింది. ఫ్రిజ్ అన్న మాట ఫ్రిజ్ ముందు నిలబడి గుర్తుచేసుకున్నా రాలేదు. పోనివి మోకాలులోంచి వచ్చినవి. జూలు, కొంగ, నాడె, సూది, మబ్బు, ఎడమ, కుడి, తిరుగు, వదులు. చెయ్యి లేచేసరికి మాట నోట్లోకి వచ్చేసేది, దాని గొంతు హెచ్చుతగ్గులతో సహా, ఆయీ "స"లతో సహా. 2020 డిసెంబరులో తాయ్‌చీని యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చిందని పేపర్లో చిన్న వార్త చదివాను. నేను ఆ వారసత్వాన్ని సన్నబియ్యం బస్తాల పక్కన కాపాడుతున్నాను.

2022 ఏప్రిల్, మే నెలల్లో షాంఘై మొత్తానికి తాళం వేశారు. రెండున్నర కోట్లమంది ఇళ్ళలోనే. కూరగాయలు దొరకడం లేదని, ముసలివాళ్ళు ఒంటరిగా ఉండిపోయారని వార్తలు. ఆయీ అయిదో అంతస్తులో ఒక్కతే ఉంటుంది, లిఫ్టు లేదు. ఆ రెండు నెలలూ నేను రోజుకు మూడు ప్యెన్‌లు కొట్టాను. దానివల్ల ఆవిడకు ఏమీ ఒరగదని నాకు తెలుసు.

2023 వసంతంలో నా పాత ఆఫీసులోని చైనా స్నేహితురాలు ఒక ఆదివారం పొద్దున్నే ఆ పార్కుకు వెళ్ళి, వీడియో తీసి, ఈమెయిల్‌కి జోడించి పంపింది. అదే రెండు చెట్లు. మనుషులు తగ్గారు. ముందు వరసలో ఆయీ, జుట్టు పూర్తిగా తెల్లబడింది. కింది భంగిమలో ఇదివరకంత కిందికి దిగడం లేదు, సగంలో ఆగి లేస్తోంది. చేతులు దించాక కెమెరా దగ్గరికి వచ్చి, నా పేరుని తన పద్ధతిలో మూడు ముక్కలు చేసి పిలిచి, "మోకాలు ఎట్లా ఉంది?" అంది. అంతే.

ఆ వీడియో నాన్నకు చూపించాను. నాన్న మాట్లాడకుండా మొత్తం చూశాడు. నాడె భంగిమ దగ్గర ఆపమన్నాడు. "గిది చేతినాడె. మనది తాడు గుంజేది. చెయ్యి గట్ల మీదికి పోదు" అన్నాడు. అది మిల్లు మగ్గం మనిషి నేర్పిన భంగిమ అనీ, అసలు మగ్గాలు పుట్టకముందు నుంచీ ఆ పేరు ఉండొచ్చనీ ఏదో చెప్పబోయాను. నాన్నకు అది అక్కర్లేదు. "ఆమె ఏ నంబరు నూలు నేసేదట?" అని అడిగాడు.

నూలు నంబరుకు చైనీసు మాట నాకు రాదు. వెతికితే దొరికింది. పెన్సిళ్ళను, సిగరెట్లను లెక్కపెట్టే కొలతమాటనే నూలుకూ వాడతారు. ప్రశ్న రాసి స్నేహితురాలికి పంపాను. పది రోజులకు జవాబు వచ్చింది. ఎక్కువగా ఇరవై ఒకటి, తరవాత్తరవాత ముప్పై రెండు.

"ముప్పై రెండా?" అన్నాడు నాన్న. "దొడ్డు నూలు."

నాన్న నేసింది ఎనభై, నూరు. ఆ మాట ఆయీకి చేరవెయ్యాలా వద్దా అని ఆలోచించి, రెండు అంకెలు మాత్రం పంపాను. దొడ్డు సంగతి రాయలేదు. ఈసారి జవాబు మూడు రోజులకే వచ్చింది. చేతిమగ్గం మీద నూరు నంబరా, అయితే మీ నాన్న రోజుకు ఎన్ని మీటర్లు నేసేవాడో అడుగు, అని.

నాన్న బనీను సర్దుకుని కుర్చీలో ముందుకు జరిగాడు. "మీటర్లల్ల మాకు లెక్క లేదు. చీరెలల్ల చెప్తా, రాయి."

రాయడానికి కూర్చుంటే చీరకు కొలతమాట ఏది వాడాలో తెలియలేదు. నది, దారి, చేప, కండువా, ప్యాంటు లాంటి పొడుగ్గా సాగేవాటికి "థ్యావ్". చొక్కా, కోటు లాంటి ఒంటిమీద తొడుక్కునేవాటికి "చ్యెన్". చీర నదిలాంటిదా, చొక్కాలాంటిదా? మగ్గం మీద ఉన్నంతసేపూ మొదటిదే అనుకుని థ్యావ్ అని రాసి పంపాను. ఆయీ దిద్దుతుందో లేదో చూడాలి.